"ఇదెంత పని వదినా" అన్న తర్వాత

ఈ ఉత్తరం రాసినావిడ తన పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారం మాత్రం చెబుతాను. ఆవిడ కొడుక్కి పద్నాలుగేళ్లు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ మీద సాధన చేస్తున్నాడు. కొంతకాలంగా స్నేర్ ప్యాడ్ (ముఖ్యమైన చిన్న డ్రమ్‌కు బదులుగా కొట్టే పలక) మొరాయిస్తోంది. ప్లగ్ దగ్గర వైరు ఒక పక్కకి వంచి పట్టుకుంటే పలుకుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. చూడటానికి వచ్చిన మరిది "ఇదెంత పని వదినా" అంటూ కూర్చున్నాడు. స్నేర్ ప్లగ్‌తో మొదలుపెట్టి, "పనిలో పని" అని క్రాష్ (తాళం పళ్లెంలా మోగే సింబల్ ప్యాడ్), రెండో టామ్ (స్నేర్ కాక చేత్తో కొట్టే మరో డ్రమ్), కిక్ (కాలితో తొక్కి వాయించే డ్రమ్) ప్లగ్గులు కూడా కోసేసి, కొత్త ప్లగ్గులకు టంకం వేశాడు. ఇప్పుడు స్నేర్ మధ్యలో కొడితే అంచు శబ్దం వస్తోంది. క్రాష్ మోగీ మోగకముందే తెగిపోతోంది. రెండో టామ్ అసలు పలకదు. కిక్ అయితే పెడల్ తొక్కకుండానే దడదడలాడుతోంది. "మాడ్యూల్ పోయింది, విప్పాలి" అని, ప్యాడ్ల సంకేతాలను శబ్దంగా మార్చే ఆ పెట్టె మీదికి మరిది స్క్రూడ్రైవర్ తీసేసరికి ఈవిడ వద్దన్నారు. అతను చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. "వాడికి తెలుసులే, విప్పనివ్వాల్సింది" అని భర్త అంటున్నారు. అత్తగారు ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉందట. మాడ్యూల్ విప్పించాలా, టంకం వేసే ఐరన్ ఎప్పుడూ పట్టుకోని తాను నేర్చుకుని చేయగలరా, లేక ఉన్నది ఉన్నట్టు అమ్మేయడం మేలా, మరిదితో మళ్లీ మాట కలిపేదెలా అన్నవి ఆవిడ ప్రశ్నలు. అబ్బాయి ఐరన్ పట్టుకుంటానని గొడవ చేస్తున్నాడని చివర్లో ఇంకో మాట కూడా రాశారు.

* * *

అమ్మా, మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: "మరిది ముట్టుకోని ప్యాడ్లన్నీ ముందులాగే పలుకుతున్నాయి." నా దృష్టిలో ఉత్తరం మొత్తానికీ కీలకం ఇదే. కోసినవి నాలుగు, తేడా చేసినవీ నాలుగే, అది కూడా సరిగ్గా ఆ నాలుగే. మాడ్యూల్ నిజంగా పోయి ఉంటే, మీ మరిది చెయ్యి పడ్డ చోట్లను ఏరుకుని మరీ పోదు. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడు విప్పవద్దు. ఎప్పటికీ వద్దని కాదు, విప్పడానికి తగిన ఆధారం మీ దగ్గర ఇంకా లేదు.

మీ ఇంట్లో గొడవంతా "ఎవరికి తెలుసు" అన్న దాని మీద జరుగుతోంది. తప్పు ఎక్కడుందో మాత్రం ఇంతవరకూ ఎవరూ కొలిచి చూడలేదు. మీ మరిది చేతిలో పని లేదని నేననను. లూజ్ కాంటాక్ట్ అని అతను ఊహించింది సబబే. వంచితే పలికే వైరు ఎక్కడో ఒకచోట తెగిందన్నమాటే. అయితే అది ప్లగ్ లోపల తెగిందా, ప్యాడ్‌లోని సాకెట్ దగ్గరా, సెన్సర్ వైరా అని చూడకముందే కత్తెర పడింది. బాగున్న మూడు ప్లగ్గుల్ని "పనిలో పని"గా కోయడానికైతే నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

ఇప్పుడు ఆ నాలుగు లక్షణాల్ని విడివిడిగా చూద్దాం. ప్యాడ్‌లోకి వెళ్లే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్‌ను చేతిలోకి తీసుకోండి. లోహపు కడ్డీ మీద రెండు నల్ల గీతలుంటే అది స్టీరియో ప్లగ్. ఆ గీతలు దాన్ని మూడు ముక్కలు చేస్తాయి: కొసన టిప్, మధ్యలో రింగ్, మొదట్లో స్లీవ్. ఒక్క గీతే ఉంటే అది మోనో, అందులో రింగ్ ఉండదు. డ్రమ్ ప్యాడ్లలో మామూలుగా టిప్ మీద చర్మం (ప్యాడ్‌లో కర్రతో కొట్టే పైభాగం) సెన్సర్ సంకేతం వెళ్తుంది. రింగ్ మీద అంచు సంకేతం వెళ్తుంది, లేదా సింబల్ అంచులోని స్విచ్ ఉంటుంది. స్లీవ్ ఎర్త్. ఈ మూడూ మనసులో పెట్టుకుంటే మీ కిట్ ఏం మొత్తుకుంటోందో అర్థమవుతుంది.

స్నేర్ మధ్యలో కొడితే అంచు పలుకుతోందంటే, టిప్‌కు వెళ్లాల్సిన వైరు రింగ్‌కు, రింగ్ వైరు టిప్‌కు వేసి ఉంటారు. చర్మానికొకటి, అంచుకొకటి సెన్సర్లున్న స్నేర్‌లో ఇలాగే జరుగుతుంది. క్రాష్ తెగిపోవడం ఇంకా సరదాగా ఉంటుంది. మోగుతున్న సింబల్‌ను చేత్తో పట్టి ఆపినట్టే ఈ కిట్‌లో కూడా అంచు పట్టుకుంటే శబ్దం ఆగాలి. అందుకే అంచు లోపల స్విచ్ పెడతారు. నొక్కినప్పుడు అది రింగ్‌నూ స్లీవ్‌నూ కలుపుతుంది. ఆ రెండు వైర్లూ ప్లగ్‌లోనే అంటుకుపోయి ఉంటే, ఎవరో పొద్దస్తమానం అంచు పట్టుకుని కూర్చున్నారని మాడ్యూల్ అనుకుంటుంది. కాబట్టి క్రాష్‌కు వేసిన కొత్త ప్లగ్ మీద నల్ల గీతలెన్నో ముందు లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే మీ మరిది మోనో ప్లగ్ వేసి, మిగిలిపోయిన మూడో వైరును ఎర్త్‌తో కలిపి మెలేసి ఉంటాడు. చాలామంది చేసే పనే అది.

రెండో టామ్ పలకకపోవడానికి రెండు కారణాలుండొచ్చు: టిప్ వైరు ఊడి ఉండాలి, లేదా టిప్, స్లీవ్ ఒకదానికొకటి తగులుతుండాలి. కిక్ దానంతటది దడదడలాడుతోందంటే చాలావరకు ఎర్త్ అతకలేదు. ఎర్త్ లేని వైరు గదిలోని కరెంటు హమ్మును ఏరియల్‌లా పట్టుకుంటుంది, మాడ్యూల్ దాన్నే దెబ్బ అనుకుంటుంది. చూశారుగా, నాలుగూ ప్లగ్ దగ్గరి తప్పులే. మాడ్యూల్‌ను అనుమానించాల్సిన లక్షణం ఇందులో ఒక్కటీ లేదు.

నా మాట నమ్మేసి ఊరుకోవద్దు, మీరే తేల్చుకోండి. దీనికి పరికరమేదీ అక్కర్లేదు. వాల్యూమ్ తగ్గించి, బాగా పలుకుతున్న మొదటి టామ్ ప్లగ్‌ను తీసి క్రాష్ ప్యాడ్‌లో పెట్టి కొట్టండి. టామ్ శబ్దం వస్తే క్రాష్ ప్యాడ్ క్షేమం. ఇప్పుడు క్రాష్ ప్లగ్‌ను మొదటి టామ్ ప్యాడ్‌లో పెట్టి కొట్టండి. క్రాష్ శబ్దం అక్కడ కూడా తెగిపోతుంటే దోషం ఆ వైరుది. శబ్దం పెద్దగా వచ్చిందా చిన్నగా వచ్చిందా అన్నది పట్టించుకోకండి. ఒక్కో ప్యాడ్ రకానికి మాడ్యూల్‌లో ఒక్కో సెట్టింగ్ ఉంటుంది కాబట్టి ఆ తేడా సహజం. నాలుగు లైన్లనూ ఇలాగే మార్చి చూసి, ఏది ఎక్కడ పెడితే ఏం వినిపించిందో ఒక కాగితం మీద రాయండి. ఈ కాగితంతో మరోచోట కూడా పని పడుతుంది, తర్వాత చెబుతాను.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎవరో ఒకరు తప్పకుండా ఆ సలహా ఇస్తారు. తెగిన వైరును రీసెట్ అతికించదు సరికదా, చాలా మాడ్యూళ్లలో మీ అబ్బాయి కూర్చుకున్న కిట్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

తర్వాతి మెట్టుకు ఒక మల్టీమీటర్ (కరెంటు, వైర్ల కలయిక కొలిచే మీటర్) కావాలి. ఖరీదైనది అక్కర్లేదు, తగిలితే బీప్ అనే కంటిన్యుటీ మోడ్ ఉంటే చాలు. మాడ్యూల్ అడాప్టర్‌ను గోడ నుంచి తీసేయండి. మీ కిట్ వైర్లన్నీ ఒకే పెద్ద కనెక్టర్‌లోకి వెళ్తాయని రాశారు. అది రెండు వరుసల్లో 13, 12 చొప్పున మొత్తం 25 పిన్నులున్న కనెక్టర్ అయి ఉంటుంది. దాని రెండు పక్కలా ఉన్న స్క్రూలు వదులు చేసి మాడ్యూల్ నుంచి లాగండి, రెండో చివర ప్యాడ్ల నుంచి కూడా ప్లగ్గులు తీసేయండి. ఇప్పుడు మీటర్ ఒక కొనను క్రాష్ ప్లగ్ రింగ్ మీద, రెండో కొనను స్లీవ్ మీద పెట్టండి. బీప్ అంటే షార్ట్ (కలవకూడని రెండూ తగులుకోవడం) దొరికినట్టే. టామ్ ప్లగ్‌లో టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య అలాగే చూడండి. అక్కడ బీప్ రాకపోతే టిప్ మీద ఒక కొన ఉంచి రెండో కొనతో 25 పిన్నులనూ ఒక్కొక్కటే తాకండి. ఎక్కడా పలకకపోతే వైరు తెగినట్టు. కొలిచేటప్పుడు వైరును అటూ ఇటూ వంచుతూ ఉండండి, లూజ్ కాంటాక్ట్ కదిపితేనే బయటపడుతుంది. అన్ని ప్లగ్గుల స్లీవులూ ఒకదానితో ఒకటి బీప్ అంటున్నాయని కంగారు పడకండి, ఎర్త్ అన్నిటికీ ఉమ్మడిగా ఉండటం మామూలే.

ఇక కోసిన వైర్లలో ఏది టిప్, ఏది రింగ్ అన్న చిక్కు. ఎరుపంటే టిప్, తెలుపంటే రింగ్ అని ఎవరు చెప్పినా నమ్మకండి, ఈ రంగులకు అందరూ పాటించే నియమం లేదు. 25 పిన్నుల వరుస కూడా ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది. అందుకే కనెక్టర్ సరిపోయింది కదా అని వేరే మోడల్ కేబుల్ తెచ్చి తగిలిస్తే పని చేస్తుందన్న భరోసా లేదు. తేలిక దారి ఒకటుంది. ఇప్పుడున్న టంకం విప్పించాక, వైర్ల కొసలను క్రొకడైల్ క్లిప్పులతో (పళ్లున్న చిన్న పట్టుకొయ్యలతో) కొత్త ప్లగ్‌కు తాత్కాలికంగా కలిపి, మాడ్యూల్ ఆన్ చేసి వాయించి చూడండి. ప్యాడ్ వైర్లలో ప్రమాదకరమైన కరెంటు ఉండదు, తాకినా మీకేం కాదు. చర్మం చర్మంలా, అంచు అంచులా పలికిందాకా క్లిప్పులు మార్చి, ఆ వరుస కాగితం మీదికెక్కించండి. ఇదంతా అయ్యాకే టంకం. (అడాప్టర్ సంగతి వేరు. దాన్ని ఎవరూ విప్పకూడదు, మీ మరిది కూడా. అందులో గోడ కరెంటు ఉంటుంది. దాని బదులు వేరేది తగిలించే ఉద్దేశముంటే వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు, పిన్ మధ్యలో ప్లస్సా మైనసా అన్నది కూడా కలవాలి. అది తేడా పడితే మాడ్యూల్ నిజంగానే పోవచ్చు.)

టంకం ఎవరు వేయాలన్న దగ్గర మీకు నాలుగు దారులున్నాయి.

మీరే వేయవచ్చు. మీరు భయపడుతున్నంత పని కాదిది, అలాగని మీ మరిది అన్నంత తేలికా కాదు. ముందు పనికిరాని వైరు ముక్కల మీద చెయ్యి సాధన చేసుకోండి. ఐరన్‌తో టంకాన్ని కాదు, ప్లగ్ లోపలి రేకునూ వైరునూ వేడి చేయాలి. ఆ వేడికి టంకం దానంతటది కరిగి పరుచుకోవాలి. తగరం 60, సీసం 40 పాళ్ల టంకం దాదాపు 190 డిగ్రీల సెల్సియస్‌కల్లా పూర్తిగా కరుగుతుంది, సీసం లేనిది సుమారు 220 దగ్గర. కొత్తవారికి మొదటిది సులువు, కాకపోతే పని కాగానే చేతులు కడుక్కోవాలి, కిటికీ తెరిచి ఉంచాలి. టంకం బాగా అంటేందుకు వాడే ఫ్లక్స్ రోజిన్‌దే (చెట్టు జిగురుతో చేసినదే) వాడండి. నీళ్ల గొట్టాలకు వాడే ఆమ్లపు ఫ్లక్స్ సన్న వైర్లను తినేస్తుంది. చల్లారిన అతుకు నున్నగా వైరును అంటిపెట్టుకుని ఉండాలి. ఉండ కట్టి పైన కూర్చుంటే అది అతుకు కాదు, మీ కిక్ అతుకు అలాంటిదేనని నా అనుమానం. వైర్ల తొడుగు వేడికి కరిగి వెనక్కి జారుతుంది, షార్ట్ అక్కడే పుడుతుంది కాబట్టి ఎక్కువసేపు కాల్చకండి. ప్లగ్ మూతనూ, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టాన్నీ టంకానికి ముందే వైరులోకి దూర్చుకోండి. ఇది మరిచిపోయి, చక్కగా వేసిన అతుకును మళ్లీ విప్పనివారు ఈ పని చేసేవాళ్లలో అరుదు.

టంకమే వద్దనుకుంటే స్క్రూతో వైరు బిగించే ప్లగ్గులుంటాయి. స్క్రూడ్రైవర్ ఒక్కటీ చాలు. డ్రమ్స్ అంటే రోజూ అదురే కదా, ఆ స్క్రూలు మెల్లగా వదులవుతాయి. అప్పుడప్పుడూ మళ్లీ బిగించుకునే ఓపిక ఉంటే ఇదీ బాగానే నడుస్తుంది. స్టీరియో ప్లగ్గులే తీసుకోండి.

మూడోది బయట చేయించడం. దీనికి డ్రమ్ కిట్ల నిపుణుడే అక్కర్లేదు, మైకు కేబుళ్లు, గిటార్ కేబుళ్లు బాగుచేసే ఎవరైనా చేయగలరు. కిట్టంతా మోసుకెళ్లకండి. కేబులూ, మీ కాగితమూ చాలు. ఆ కాగితం లేకుండా వెళ్తే అతనూ మీ మరిదిలాగే ఊహించాల్సి వస్తుంది. మీ మోడల్‌కు తయారీదారు కొత్త కేబుల్ విడిగా అమ్ముతుంటే అన్నిటికన్నా శుభ్రమైన మార్గం అదే. పాత కిట్లకు దొరకడం కష్టం కావచ్చు.

నాలుగోది మీ మరిది చేతే చేయించడం. నాకైతే ఇదే బాగుందనిపిస్తోంది. మీరు కొలవండి, అతను టంకం వేస్తాడు. ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. "నువ్వు పాడుచేశావు" అని కాదు, "మాడ్యూల్ బాగానే ఉన్నట్టుంది" అని ఊరడింపుగా కూడా కాదు. మీ కాగితం ఫొటో తీసి పంపి, "క్రాష్ ప్లగ్‌లో రింగూ స్లీవూ కలిసి బీప్ అంటున్నాయి, నువ్వు వచ్చి ఒకసారి చూస్తావా" అని రాయండి. మీటర్ చూపించిన అంకె మీద అలగడం ఎవరికీ కుదరదు. చేతిలో పనున్నవాడికి ఆ ఒక్క వాక్యంతో విషయం తెలిసిపోతుంది, క్షమాపణ అడగాల్సిన ఇబ్బంది కూడా ఉండదు. వస్తే మాత్రం షరతు ముందే చెప్పండి: ఒక్కో ప్లగ్ వేసి, వాయించి చూశాకే రెండోది. రాకపోతే పై మూడు దారులూ ఎలాగూ తెరిచే ఉన్నాయి. మీరు అతని కోసం ఆగిపోయారన్న మాటా ఉండదు.

మీవారికి కూడా అదే కాగితం చూపించండి. "వాడికి తెలుసులే" అన్నది తమ్ముడి మీద ప్రేమతో అన్న మాట. దానికి జవాబుగా "నాకూ తెలుసు" అంటే అది ఇద్దరి మధ్య పోటీ అవుతుంది. ప్లగ్గులు మార్చి మార్చి ఆయన ఎదుటే వాయించండి. క్రాష్ ప్లగ్ ఏ ప్యాడ్‌లో పెట్టినా తెగిపోవడం ఆయన చెవులతో వింటే మాడ్యూల్ మాట ఆయనే ఎత్తరు. అత్తగారి మౌనం గురించి నేను చెప్పగలిగింది తక్కువ. కొడుకులిద్దరి మధ్యా తీర్పు చెప్పకుండా తప్పుకుంటున్నారేమో, దాన్ని మీ మీద కోపంగా లెక్కవేయకండి.

మాడ్యూల్ ఎప్పుడు విప్పాలంటే, వైరు మీటర్ మీద నిక్కచ్చిగా తేలి, ప్యాడ్ వేరే లైను మీద పలికి, సెట్టింగులు సరిచూశాక కూడా ఆ ఒక్క లైను మూగగా ఉంటే. అప్పుడు కూడా ఇంట్లో కాదు, సర్వీస్ చేసేవారి దగ్గర. లోపల సన్నని రిబ్బన్ కేబుళ్లుంటాయి, ఒంట్లోని స్టాటిక్‌కే దెబ్బతినే చిప్పులుంటాయి. ప్లగ్ తప్పుగా వేస్తే మళ్లీ కోసి వేసుకోవచ్చు, లోపలి బోర్డు మీద కరెంటు నడిచే గీత లేచిపోతే అలా కుదరదు.

అసలు జబ్బు ఇంకా మిగిలే ఉందని గుర్తుంచుకోండి. నాలుగు లైన్లూ చక్కబడ్డాక స్నేర్ మళ్లీ పలుకుతూ మానుతూ ఉందనుకోండి, మొదటి నుంచీ తప్పు ప్లగ్‌ది కాదు, ప్యాడ్‌ది. అప్పుడు ప్యాడ్ విప్పవచ్చు, అది మాడ్యూల్ అంత సున్నితం కాదు. మెష్ (వలలాంటి) చర్మమైతే ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రండి. లోపల స్పాంజి కింద ఇత్తడి బిళ్ల, దాని మీద తెల్లటి పింగాణీ పొర కనిపిస్తాయి. అదే పియెజో సెన్సర్. ఒత్తిడి తగిలితే కరెంటు పుట్టే ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో స్ఫటికాలలో కనుగొన్నారు. బ్యాటరీ ఏమీ లేకుండా కర్ర దెబ్బే ఇక్కడ సంకేతమవుతుంది. మీటర్‌ను ఏసీ వోల్టేజీలో పెట్టి సెన్సర్ రెండు వైర్లకూ తగిలించి బిళ్లను వేలితో తట్టండి. అంకె ఒక్కసారి ఎగిరి పడితే సెన్సర్ బతికే ఉంది. అలాంటప్పుడు సాకెట్ వెనక టంకం చుక్కలో సన్నటి పగులు ఉందేమో, సాకెట్‌లోని రేకు ప్లగ్‌ను గట్టిగా పట్టడం లేదేమో చూడండి. వంచితే పలికే జబ్బుకు చాలాసార్లు మూలం అక్కడే ఉంటుంది. ఊడింది తెల్ల పొర మీది వైరైతే మాత్రం అక్కడ మొదటిసారే చెయ్యి చేసుకోకండి. ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనితే ఆ పొర మీది వెండి పూత లేచిపోతుంది, ఇక బిళ్ల మార్చాల్సిందే. బిళ్ల దొరకడం కష్టం కాదు, పాతదాని వ్యాసం కొలుచుకుని తెచ్చుకోండి. 27, 35 మిల్లీమీటర్లవి ఎక్కువగా వాడతారు.

అమ్మేయడం గురించి. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే కొనేవాళ్లు దాన్ని మాడ్యూల్ పోయిన కిట్‌గానే లెక్కగడతారు, మీ ఇంట్లో లెక్కగట్టినట్టే. అమ్మాలని నిజంగా ఉంటే బాగుచేసి అమ్మండి. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ కోరిక కనిపించలేదు, విసుగే కనిపించింది.

ఈలోగా సాధన ఆగనక్కర్లేదు. చాలా మాడ్యూళ్లలో ఏ ప్యాడ్‌కు ఏ శబ్దం రావాలో మనమే మార్చుకోవచ్చు. బాగున్న టామ్‌కు స్నేర్ శబ్దం పెట్టుకుని, కిక్ ప్లగ్ ఊడదీసి పక్కన పెట్టమనండి. పాత అమరిక ఏమిటో మార్చకముందే రాసుకోవాలి.

అబ్బాయి ఐరన్ పట్టుకోవచ్చా అంటే, కళ్లకు అద్దాలు, ఐరన్‌కు స్టాండ్, పక్కన మీరో బాబాయో ఉంటే పట్టుకోవచ్చు. కానీ ముందు ప్లగ్గులు మార్చి వినే పని అతనికి అప్పగించండి. ఆ కిట్ ఎలా పలకాలో మీ ఇంట్లో అతని చెవికే బాగా తెలుసు.